మట్టిలో ఉండిపోయిన తీర్పు

మా జడ్జి గారు ఈ ఏడాది వానలకు ముందే పోయారు. స్వరాజ్యం చూడలేదు. కడపలో వకీళ్ళు సంతాపసభ పెట్టి ఆయన్ను చాలా మెచ్చుకున్నారు. చివర్లో ఒక పెద్ద వకీలు, ప్రేమగానే, "రాళ్ళు చదివీ చదివీ ఆయనకు లంకెబిందెలు దొరికినాయని మన ఊళ్ళో ఒక కథ ఉండాది" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన కోర్టులో బెంచి గుమస్తాగా పనిచేసిన నేను వెనక వరుసలో కూచుని ఉన్నాను. లేచి మాట్లాడాల్సింది. లేవలేదు. ఆ కథ పుట్టింది నా నోట్లోంచే.

ఆయన కర్నూలు జిల్లాలో మునసబుగా మొదలై, సబ్ జడ్జి అయి, కడపకు జిల్లా జడ్జిగా వచ్చారు. కోస్తా మనిషి. ఇంగ్లీషు చట్టం క్షుణ్ణంగా చదివారు గానీ, ఆయన ధ్యాసంతా ఆ చట్టం రాకముందు మన ఊళ్ళలో తగాదాలు ఎట్లా తీర్చేవాళ్ళన్న దాని మీదే. అలాంటి తీర్పులు కొన్ని రాళ్ళ మీద చెక్కి ఉంటాయి. వాటికోసం ఆదివారాలు ఇంట్లో నిలిచేవారు కాదు. నేనూ వెంట పోయేవాణ్ణి. రాయి కడగడం, దాని మీద తడి కాగితం పరిచి కుంచెతో కొట్టడం నా పని. కాగితం అక్షరాల గుంటల్లోకి దిగాక ఆయన సిరా గుడ్డతో పైపైన అద్దేవారు. చుట్టూ నల్లబడి అక్షరాలు తెల్లగా బయటపడేవి. మొదటి పేరు కనపడగానే "వచ్చాడయ్యా మన వాది!" అనేవారు. కోటు విప్పేసి, పంచె ఎగగట్టి, ఎండలో మోకాళ్ళ మీద కూచున్న ఆ మనిషిని చూస్తే, కోర్టులో ఆయన ముందు నోరు విప్పడానికి జంకే వకీళ్ళు గుర్తుపట్టేవాళ్ళు కాదు. ఆ ఆదివారాల కోసం ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది.

రాయచోటి దారిలో ఒక సాయిబు వేరుశనగ చేలో అట్లాంటి రాయి దొరికింది. రెండు ఊళ్ళ మధ్య కాలవ నీళ్ళ తగాదా. పై ఊరు ఏమంది, కింది ఊరు ఏమంది, సాక్షులెవరు, అంతా ఉంది. "ఇద్దరి మాటలూ విని పెద్దలు" అన్న దగ్గర రాయి మట్టిలోకి దిగిపోయింది. తీర్పు భూమిలో ఉంది.

జడ్జి గారు మట్టి మీద చెయ్యి పెట్టి సాయిబు వైపు చూశారు.

"తవ్వేదానికి నేను వద్దనను దొరా. చెనిక్కాయ ఊడలు దిగతాండాయి. ఇప్పుడు మట్టి కదిలిస్తే కాయ నిలవదు. పంట పెరికేదాకా తాళండి."

నాకు కోపం వచ్చింది. "జిల్లా జడ్జి అడుగుతాంటే తాళమంటావా సాయిబన్నా?"

"నువ్వు ఊరుకోవయ్యా" అన్నారు జడ్జి గారు. "ఆయన చేను ఆయనిష్టం. రాయి ఎక్కడికి పోతుంది?"

"పోయేదే అయితే మా ఎద్దులు గోక్కునే గోకుడికి ఎప్పుడో పోయుండాల దొరా" అన్నాడు సాయిబు. ముగ్గురం నవ్వుకున్నాం.

తిరిగి వస్తూ జట్కాలో దారి పొడుగునా ఆ కేసే మాట్లాడారు. పై ఊరికి కాలవ తవ్విన హక్కు, కింది ఊరికి ఎండిన చేలు. ఆ పెద్దలు ఎటు మొగ్గారో తెలుసుకుంటే చాలునన్నారు.

ఆ వారమే కోర్టు ఎదురుగా కాఫీ హోటల్లో నలుగురు నన్ను పట్టుకున్నారు.

"ఏమప్పా, మీ దొర రాళ్ళకు కాగితాలు అంటిస్తాండాడంటనే. యాపారమా, పిచ్చా?"

"లంకెబిందెలు యాడుండాయో రాళ్ళ మీద రాసుంటాది. మా దొరకు ఆ రాత వచ్చు" అన్నాను.

"అబ్బో! ఇప్పుడు యాడ దొరికినాయి?"

"రాయచోటి దారిలో. చెనిక్కాయ పెరికినాక తవ్వుతాం. ఒక బిందె నాకే."

అందరూ పగలబడి నవ్వారు. నాకూ గొప్పగా ఉండింది. ఆ నవ్విన వాళ్ళలో ఎవరో ఒకరు ఆ మాట నమ్ముతారని నాకు తట్టలేదు.

పంటకు ఇంకా కొన్ని రోజులున్నాయనగా సాయిబు కోర్టుకొచ్చి వరండాలో నిలబడ్డాడు. ముందు రాత్రి ఎవరో గడ్డపారలతో రాయిని పెళ్ళగించారని చెప్పాడు. కింద ఏమీ దొరక్క, బంగారం రాతి లోపలే ఉందనుకుని, మట్టిలో ఉన్న భాగాన్ని సమ్మెటతో పొడి చేశారు. పైభాగం మాత్రం వెల్లకిలా పడి ఉంది.

సాయంత్రం ముగ్గురం పోయాం. జడ్జి గారు ముందు రాయి దగ్గరికి పోలేదు. "చేను ఎంత పాడయింది?" అని సాయిబును అడిగారు. ఆ తర్వాత గట్టు మీద కూచుని ముక్కలు ఒక్కొక్కటీ ఎత్తి ఎండకు తిప్పి చూశారు. ఒక ముక్క మీద సగం అక్షరం ఉంది. దాన్ని చాలాసేపు పట్టుకుని, కింద పెట్టేశారు.

"వాళ్ళకు ఎవరు చెప్పారయ్యా, ఇక్కడ బిందెలున్నాయని?" అని తనలో తాను అనుకున్నట్టు అన్నారు. నేను నీళ్ళ బిందె కోసం బావి వైపు పోయాను. ఆ రోజూ చెప్పలేదు, మరే రోజూ చెప్పలేదు. ఆయన మద్రాసుకు బదిలీ అయితే, బిందెలు బండికెత్తుకుని పోయాడన్నారు జనం. అప్పుడూ ఊరుకున్నాను.

ఆయన ఆ శాసనాన్ని అచ్చు వేయించారు. "పెద్దలు" అన్న మాట తర్వాత ఖాళీ వదిలారు. పండితుడైన మిత్రుడొకరు, ఇలా ఉండి ఉంటుందని ఊహించి పూరించమని సలహా ఇస్తే, చదవని తీర్పును రాయడం తన వల్ల కాదన్నారట.

కడప జనం తెలుసుకోవలసింది ఇంతే. ఆయన ఆ చేలోంచి సగం కేసు తప్ప ఏమీ తీసుకుపోలేదు. కాలవ నీళ్ళు ఏ ఊరికి ఇచ్చారో తెలుసుకోకుండానే ఆయన పోయారు. నా మూలంగా.