జోడీ టికెట్

లక్ష్మీకాంత్‌కి రాని విద్య ఒకటే, అడగడం. హోటల్లో సాంబారు మరికాస్త పోయమని అడగలేడు. బస్సులో పక్క సీట్లో సంచి పెట్టుకుని కూర్చున్నవాణ్ణి జరగమని అడగలేక నిలబడే వెళతాడు. ఆరేళ్ల కిందట భార్య శివపార్వతి "ఇక నావల్ల కాదు, మా అమ్మావాళ్లింటికి పోతున్నా" అన్నప్పుడు కూడా ఉండమని అడగలేదు. పైగా ఆవిడ పెట్టె తనే మోసుకెళ్లి ఆటోలో పెట్టాడు. కుదుపులకి పెట్టె జారుతుందేమో చూసుకోమని ఆటోవాడికి జాగ్రత్త కూడా చెప్పాడు. ఆవిడ ఆటో ఎక్కాక కాసేపు ఆగిందనీ, ఈ మనిషి ఇప్పుడైనా నోరు తెరుస్తాడేమోనని చూసిందనీ ఎదురింటివాళ్లకు కూడా అర్థమైంది. ఇతనికి అర్థమయ్యేసరికి ఆటో రామవరప్పాడు రింగు దాటిపోయింది.

అప్పట్లో అతను బెజవాడలో ఓ ఇంటర్ కాలేజీలో వ్యాయామ ఉపాధ్యాయుడు. ఆ కాలేజీకి ఆటస్థలం లేదు. ఐదంతస్తుల మేడా, దాని కింద స్కూటర్ల స్టాండూ ఉండేవి, అంతే. మెట్ల మీద పిల్లలు ఒకళ్లనొకళ్లు తోసుకోకుండా చూడటమే అక్కడ వ్యాయామ విద్య. విడాకులయ్యాక దానిమీద మనసు విరిగి, మైలవరం రోడ్డులో మామిడితోటల మధ్య కొత్తగా కట్టిన 'ఆనందద్వీపం' అనే పార్కులో చేరాడు. జెయింట్ వీలు, నీళ్ల జారుడుబల్లలు, పార్కంతా తిప్పే బొమ్మరైలు ఉన్న చోటు అది. జనం కుటుంబాలతో వచ్చి, కేకలు పెట్టి, తడిసి, నవ్వుకుంటూ ఇళ్లకు పోతారు. వాళ్లు పోయాక ఇతను గుణదలలో మేడమీది ఒంటిగది పోర్షన్‌కి చేరి, పెరుగు ప్యాకెట్ కత్తిరించి పొద్దుటి అన్నంలో కలుపుకుంటాడు. టీవీ పెట్టుకుంటాడు గానీ చూడడు. ఇంట్లో ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉండాలి కదా.

పార్కులో అతనికి నచ్చిన పని ఒకటుంది. ఏటా డిసెంబరులో అక్కడ ఐదు కిలోమీటర్ల పరుగు పెడతారు. పేర్లు నమోదు చేసుకోవడం, టికెట్ ధర కట్టడం, ఎటునుంచి ఎటు పరిగెత్తాలో దారి గీయడం అన్నీ ఇతని నెత్తినే. ఆ ఏర్పాట్లు జరిగే రెండు నెలలూ లక్ష్మీకాంత్ మనిషిలా ఉంటాడు. ఫోను మోగుతుంది, నలుగురు పేరు పెట్టి పిలుస్తారు, ఆకలి కూడా వేస్తుంది.

ఈ ఏడు ఆ పరుగు మీద అతనికి ఒక ఆశ పుట్టింది. కూతురు మనోజ్ఞతో కలిసి పరిగెత్తాలని.

మనోజ్ఞకి పద్దెనిమిది నిండాయి, ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం. కంకిపాడులో తల్లి దగ్గర ఉంటుంది. శివపార్వతి అక్కడ పురుగుమందుల దుకాణం నడిపే మల్లేశ్వరరావుని పెళ్లి చేసుకుంది. మల్లేశ్వరరావు మంచివాడు, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే తిట్టుకోవడానికైనా పనికొచ్చేవాడు. నెలకోసారి తండ్రీకూతుళ్లు బెంజిసర్కిల్ దగ్గర హోటల్లో కలుసుకుని దోసెలు తింటారు. "బాగా చదువుతున్నావా?" "ఆఁ." "డబ్బులేమైనా కావాలా?" "వద్దు నాన్నా." ఆ తర్వాత ఇద్దరూ ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటారు. చిన్నప్పుడు ఈ పిల్లే ఏలూరు కాలువ గట్టు మీద తన చెయ్యి పట్టుకుని లాక్కుంటూ పరిగెత్తేది. ఆ చెయ్యి మళ్లీ ఒక్కసారి పట్టుకోవాలని లక్ష్మీకాంత్ కోరిక. పెద్ద కోరికేం కాదు. కానీ దానికోసం అతను పడిన తిప్పలు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

మొదట ధరలు మార్చాడు. అంతకుముందు రెండే రకాల టికెట్లుండేవి. నలుగురి కుటుంబానికి పదహారు వందలు, ఒక్కరైతే ఆరు వందలు. ముందుగా కట్టినవాళ్లకి కాస్త తగ్గింపు. టికెట్‌తో పాటు ఒక చొక్కా, పతకం, ఉప్మా, జెయింట్ వీలు ఒక చుట్టు. లెక్క చూస్తే ఎవరూ లేనివాడే ఎక్కువ కట్టాలి. ఆ ధర పెట్టినవాడూ ఎవరూ లేనివాడేనన్నది వేరే విషయం. ఈసారి మూడో రకం పెడదామని యజమాని రామకోటేశ్వరరావు గారి గదికి వెళ్లాడు.

"జోడీ టికెట్ అండీ. ఎనిమిది వందలు."

"మొగుడూ పెళ్లాలకా?"

"కాదండీ. తల్లో తండ్రో ఒకళ్లు, బిడ్డ ఒకళ్లు."

"మరి ఇంట్లో మిగతావాళ్లో?"

"పడుకుంటారండీ, ఆదివారం కదా."

రామకోటేశ్వరరావు గారికి నవ్వొచ్చింది. ఆయన బియ్యం మిల్లుల్లో సంపాదించి పార్కు కట్టిన మనిషి. నవ్వొస్తే ఒప్పుకున్నట్టే. జోడీకి ఒక నిబంధన కూడా రాశాడు లక్ష్మీకాంత్. ఇద్దరూ చేతులు పట్టుకునే ముగింపు గీత దాటాలి, లేకపోతే పతకం లేదు. కిందటేడు ఒక తండ్రి ముందు చేరాలన్న యావలో కొడుకుని బొమ్మరైలు గేటు దగ్గరే వదిలేసి వచ్చాడని కారణం చెప్పాడు. ఆ మాట నిజమే. అసలు కారణం మాత్రం అది కాదు. నమోదు బల్ల దగ్గర కూర్చునే డయానాకి ఆ సంగతి తెలుసు. ఆమెదీ గుణదలే, రోజూ ఇద్దరూ ఒకే బస్సులో వస్తారు.

"పొద్దున్నే మొదలెట్టండి సార్. ఎండెక్కాక పెడితే మావాళ్లెవరూ రారు, చర్చిలో పూజకి వెళ్లిపోతారు" అందామె. అందుకని తెల్లవారగానే అని నిర్ణయించారు.

తర్వాత దారి. సైకిల్ చక్రానికి సున్నం గుర్తు పెట్టి, దాన్ని నడిపించుకుంటూ పార్కంతా కొలిచాడు. గేటు దగ్గర మొదలై రెండు చుట్లు తిరిగి మళ్లీ గేటు దగ్గరే ముగిసే చక్కటి దారి గీశాడు. జనం నిలబడేది అక్కడే, టీ దొరికేది అక్కడే, కార్లు ఆగేదీ అక్కడే. రామకోటేశ్వరరావు గారు ఆ కాగితాన్ని తన వాస్తు సిద్ధాంతికి చూపించారు. సిద్ధాంతి గారు చూసీచూడగానే పెదవి విరిచారు. జెయింట్ వీలుని ఎడం పక్కన ఉంచుకుని పరిగెత్తితే అప్రదక్షిణం. పైగా గేటున్నది నైరుతి మూల, అక్కడ ముగిస్తే యజమానికి నష్టం. కుడిచేతి వైపుగా తిప్పి ఈశాన్యంలో ముగించాలి. ఈశాన్యంలో ఉన్నవి మోటారు గదీ, ఆరేసిన లైఫ్ జాకెట్లూ. గేటుకి పూర్తిగా అవతలి కొస.

"అక్కడ చప్పట్లు కొట్టడానికి మనిషి కూడా ఉండడండీ" అన్నాడు లక్ష్మీకాంత్.

"ఈశాన్యంలో దేవుడుంటాడయ్యా" అన్నారు రామకోటేశ్వరరావు గారు. ఇంకొకరైతే వాదించేవారు. ఇతను మళ్లీ చక్రం తీసుకుని కొలవడానికి వెళ్లాడు.

ఇక మిగిలింది అసలు పని, కూతుర్ని అడగడం. మూడు రోజులు ఫోను చేతిలో పట్టుకుని తిరిగి, నాలుగో రోజు చేశాడు.

"మా పార్కు పరుగమ్మా. ఈసారి జోడీ టికెట్ పెట్టాను. పెద్దవాళ్లొకళ్లు, పిల్లలొకళ్లు."

"భలే ఉంది నాన్నా. నువ్వే పెట్టావా?"

"నేనే. నువ్వు తప్పకుండా రావాలి."

"వస్తా. జోడీలోనే వస్తాలే."

లక్ష్మీకాంత్‌కి ఇంకేం కావాలి? 'నాతో పరిగెత్తుతావా' అన్న ఒక్క ముక్క అనాలని అతనికి తోచలేదు. అంతా అర్థమైపోయిందనుకున్నాడు. మర్నాడే బీసెంట్ రోడ్డుకి వెళ్లి తెల్లటి బూట్లు కొన్నాడు. కాలువ గట్టు మీద పొద్దున్నే పరిగెత్తడం మొదలుపెట్టాడు. మొదటి వారం ఆయాసం తప్ప ఏమీ రాలేదు. తర్వాత తర్వాత కాళ్లు మాట విన్నాయి. రెండు జోడీ చొక్కాలు తీసి తన అలమారలో పెట్టుకున్నాడు. "పరుగు జరిగే గంటసేపు ముగింపు గీత దగ్గర నువ్వుండాలమ్మా" అని డయానాకి అప్పజెప్పాడు. మనిషి మొహంలో వెలుగు చూసి ఆమె, "ఉంటాను సార్, మీ ఇద్దరికీ పతకాలు నేనే వేస్తాను" అంది.

ఆదివారం పొద్దున మంచు కమ్మేసింది. జోడీ టికెట్లని జనం విరగబడి కొన్నారు. ఎక్కడ చూసినా తండ్రులూ పిల్లలూ, తల్లులూ పిల్లలూ. లక్ష్మీకాంత్ తన నంబరున్న చొక్కా తొడుక్కుని, రెండోది చేతిలో పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. మల్లేశ్వరరావు కారు వచ్చి ఆగింది. మనోజ్ఞ దిగింది. మల్లేశ్వరరావు కూడా దిగాడు. ఇద్దరి ఒంటిమీదా జోడీ చొక్కాలే.

"నాన్నా!" అని పరిగెత్తుకొచ్చింది మనోజ్ఞ. "ఆన్‌లైన్లో అంకుల్ పేరు మీద కట్టేశాం, చొక్కాలు ఇంటికే వచ్చాయి. అంకుల్‌కి షుగర్ వచ్చింది, డాక్టరు నడవమన్నాడు. నువ్వేమో పనిలో ఉంటావు కదా, అందుకని ఈయన్ని లాక్కొచ్చా."

"కంకిపాడు నుంచి చీకట్లో లేపి తెచ్చిందండీ" అన్నాడు మల్లేశ్వరరావు నవ్వుతూ.

లక్ష్మీకాంత్ చేతిలోని చొక్కాని వీపు వెనక్కి పెట్టుకున్నాడు. "మంచిపని చేశావమ్మా" అన్నాడు. గొంతు మామూలుగానే వచ్చింది. ఆఫీసు గదిలోకి వెళ్లి మేకుకి వేలాడుతున్న జెర్కిన్ తీసి, నంబరు కనపడకుండా గొంతు దాకా జిప్పు లాక్కున్నాడు. డయానా గుమ్మంలో నిలబడి చూసింది.

"సార్..."

"గీత దగ్గర నేనే ఉంటాలే. నువ్వు పూజకి వెళ్లు."

ఈశాన్య మూలలో నిజంగానే ఎవరూ లేరు. మోటారు చప్పుడు, తడి రబ్బరు వాసన, బల్లమీద పతకాలు, వాటి పక్కన ఇతను. మంచులోంచి ముందు మాటలు వినపడేవి, తర్వాత మనుషులు కనపడేవారు. ప్రతి జోడీ చేతులు చూడాలి, పతకాలు వెయ్యాలి. ఒకడు ఆరేళ్ల కూతుర్ని భుజానెత్తుకుని వచ్చి, "చేతులే పట్టుకోవాలాండీ, కాళ్లు పట్టుకుంటే కుదరదా?" అన్నాడు. లక్ష్మీకాంత్ నవ్వి పతకాలు వేశాడు. ఈ గీత దాటాల్సినవాడు తను. గీత దగ్గర కాపలా ఉన్నాడు.

మనోజ్ఞ ఒక్కతే వచ్చింది, జుట్టు మొహం మీద పడి, అచ్చం చిన్నప్పటిలాగే. గీత ముందు ఆగిపోయింది. మల్లేశ్వరరావు చాలా వెనక, నడుం పట్టుకుని నడుస్తున్నాడు.

"వచ్చేయమ్మా, ఏం ఫరవాలేదు" అన్నాడు లక్ష్మీకాంత్.

"నువ్వు పెట్టిన రూలే కదా నాన్నా!" అని నవ్వి వెనక్కి పరిగెత్తింది. మల్లేశ్వరరావు చెయ్యి పట్టుకుంది. లాక్కుంటూ తీసుకొచ్చి గీత దాటించింది.

అతను ఇద్దరికీ పతకాలు వేశాడు. వంగినప్పుడు మనోజ్ఞ అతని బూట్ల వంక చూసింది, చెమటకి సగం దించుకున్న జిప్పులోంచి కనపడుతున్న నంబరు వంక చూసింది. ఆమె నవ్వు ఆగిపోయింది.

"నువ్వూ పరిగెడదామనుకున్నావా? నాతోనా?"

"అబ్బే. స్టాఫందరికీ ఇచ్చారు."

మల్లేశ్వరరావు ఇద్దర్నీ చూశాడు. పురుగుమందులు అమ్మేవాడైనా మనసు తెలిసినవాడు. "నేను ఇక్కడ కూర్చుంటానండీ. ఆ పతకాలు నేను వేస్తా. మీరిద్దరూ ఒక చుట్టు తిరిగి రండి" అన్నాడు. మనోజ్ఞ అప్పుడే ఒక అడుగు పక్కకి వేసింది, చోటిస్తున్నట్టు.

"వద్దులెండి. పనుంది" అన్నాడు లక్ష్మీకాంత్.

ఎందుకన్నాడో ఆ భగవంతుడికే తెలియాలి. కోరినదాన్ని ఎదుటివాడు పళ్లెంలో పెట్టి ఇస్తుంటే వద్దనే మనిషిని ఏమనాలి? మనోజ్ఞ కాసేపు నిలబడింది. "సరే నాన్నా, వెళ్లొస్తాం" అంది.

ఆఖరి జోడీ వచ్చేదాకా అతను కదల్లేదు. ఆ తర్వాత బల్ల వదిలేసి పరిగెత్తాడు. బొమ్మరైలు పట్టాలు దాటి, నీళ్ల కొలను చుట్టి, జెయింట్ వీలుకి ఏ వైపు నుంచి వెళ్తున్నాడో కూడా చూసుకోకుండా, పార్కు ఈ కొస నుంచి ఆ కొస దాకా. వచ్చే ఆదివారం కాలువ గట్టు మీద నాతో పరిగెత్తుతావా అని అడగాలి. ఆ వాక్యాన్నే నోట్లో తిప్పుకుంటూ పరిగెత్తాడు. ముందు గీసినట్టు గేటు దగ్గరే ముగింపు పెట్టి ఉంటే పది అంగల్లో అందేవాడు. చేరేసరికి కారు రోడ్డెక్కి మామిడితోటల మలుపు తిరుగుతోంది.

ఫోను తీశాడు. మొదటి రింగుకే ఎత్తింది.

"చెప్పు నాన్నా."

ఆయాసంతో మాట రాలేదు. అవతల మనోజ్ఞ మల్లేశ్వరరావుతో మెల్లగా "కారాపండి" అనడం వినపడింది. మలుపు దగ్గర కారు నిజంగానే ఆగింది. వెనక ఎర్రలైట్లు మంచులో కనపడుతున్నాయి.

"ఏం లేదమ్మా. ఉప్మా తినకుండా వెళ్లిపోయారు, అందుకని."

"దారిలో తింటాంలే." ఆమె ఫోను పెట్టెయ్యలేదు. "ఇంకేమన్నా చెప్పాలా నాన్నా?"

"లేదమ్మా" అన్నాడు లక్ష్మీకాంత్. "జాగ్రత్తగా వెళ్లండి."