ఏరి ఇచ్చిన చేపలు

జాలరిపేటలో నాకు చేపలమ్మిన ఆమె, ఏ చేపనైనా బొటనవేలితో మొప్ప ఎత్తి చూడందే తట్టలోంచి తీసేది కాదు. చేప ఒళ్లు బాగుందా లేదా అని ఆమె ఒక్క క్షణంలో తేల్చేసే ఆ సంగతికి యూనివర్సిటీవాళ్లు నాకు బీరువా అంత యంత్రమూ, ఫెలోషిప్పూ, ఐదేళ్ల గడువూ ఇచ్చారు.

మురికినీళ్లలో తిరిగే చేపల ఒంటికి లోపల్లోపల తుప్పు పడుతుంది. మేం దాన్ని ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటాం. అలా అంటేనే గౌరవం. ఆ తుప్పును చేప ఎంత తట్టుకుంటుంది, గుడ్ల ద్వారా పిల్లలకు ఎంత చేరుతుంది అన్నది నా పరిశోధన. పడవెక్కితే నాకు వాంతులు కనక, హార్బర్ దగ్గరి మురికినీళ్లలో పట్టిన చేపలు ఏడాదిపాటు ఆమె దగ్గరే కొన్నాను.

ఫలితాలు అద్భుతం! హార్బర్ చేపలు, పోల్చి చూడ్డానికి శుభ్రమైన నీళ్లలోంచి తెప్పించిన భీమిలి చేపలకన్నా పుష్టిగా ఉన్నాయి. మా ప్రొఫెసర్ మురిసిపోయి, "ప్రకృతి తనను తానే కాపాడుకుంటుందయ్యా, రాసెయ్" అన్నారు.

ఆ శుభవార్త చెబితే ఆమె నవ్వింది.

"మరి ఏరేరి ఇచ్చినాను గదా బాబూ! సదువుకునేవోడికి మొప్ప నల్లబడిపోయిన సేప ఎలాగిత్తాను? కళ్లు పోవూ?"

"మరి ఆ నల్లబడినవి ఏం చేశావు పిన్నీ?"

"పారెత్తామేటి? మేం వొండుకున్నాం. గుడ్డున్నయి మాత్రం మా కోడలికెట్టీసినాను. దానికి నెలలు నిండతన్నాయి గదా."

అంటే అసలు నమూనాలన్నీ ఏడాదిగా వాళ్లింటికే వెళ్లాయన్నమాట. పిల్లలకు ఎంత చేరిందో కొలిచే యంత్రం మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.