బొడ్డు దాకా వచ్చే ప్యాంటు

నాకు నడుము లేదు. పొట్ట అయిపోయిన చోట నేరుగా కాళ్లు మొదలవుతాయి. మధ్యలో ఉండాల్సిన ముక్కను నన్ను తయారుచేసినవాడు మరిచిపోయాడు. నా ప్యాంటు బెల్టుతో నిలబడదు, దేవుడి దయతో నిలబడుతుంది. అలాంటివాణ్ని, ఊరూరూ తిరిగి ఆడవాళ్లకు జీన్స్ ప్యాంట్లు అమ్ముకుని బతుకుతున్నాను. చదువు ఏడో తరగతిలోనే ఆగింది. లెక్కల సారుకు నా మీద ఆశ పోయింది. నాకు ఆయన మీద అంతకు ముందే పోయింది.

మా ఇల్లు గద్వాలలో. బండి వెనక మూట కట్టుకుని గట్టు, గోపాల్‌పేట, తిమ్మాజిపేట అంగళ్లకు పోతాను. టార్పాలిన్ పరిచి ప్యాంట్లు కుప్ప పోస్తాను. అంగట్లో తొడుక్కుని చూసుకోవడానికి గది ఎక్కడిది? అందుకని మెడతో కొలుస్తాం. ప్యాంటు గుండీ పెట్టి, నడుము పట్టీని సాపుగా పట్టుకుని మెడ చుట్టూ తిప్పాలి. రెండు కొసలు వెనక కలిశాయా, ఆ ప్యాంటు నడుముకు సరిపోయినట్టే. ఈ కొలత ఎవరు కనిపెట్టారో తెలియదు కానీ మా దగ్గర అందరికీ వచ్చు. కాలేజీ పిల్లలకు వచ్చు, పుణెకు పనికి పోయే ఆడవాళ్లకూ వచ్చు.

"మెడకు పట్టింది గని, ఇంటికి పొయినంక నడుముకు పట్టకుంటె?" అని ఒకామె అడుగుతుంది.

"మెడకే ఏసుకో అక్కా. చలికాలం మఫ్లరైతది."

నవ్వుతారు. నవ్వినవాళ్లు కొంటారు. నా వ్యాపారం అంతా అంతే.

ఒకసారి గట్టులో ఒక ముసలమ్మ మనవరాలి కోసం వచ్చింది. ఆ పక్క మాటలో కన్నడం కలుస్తుంది. ప్యాంటును అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది సొంట కిందనే ఆగుతదప్పా. పిల్ల వంగితె ఎనక అంత కనపడతది" అంది. సొంట అంటే నడుము.

"వంగకుండ పని చేయమను అవ్వా, ఆఫీసర్ల లెక్క" అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ముసలమ్మ మాత్రం "బేడ", అంటే వద్దు, అని ప్యాంటును కుప్ప మీద పెట్టి వెళ్లిపోయింది. ఒక బేరం పోయిందనుకున్నానే తప్ప ఆమె ఏం అడిగిందో నేను పట్టించుకోలేదు.

అప్పటికి నా భార్య నాగర్‌కర్నూల్‌లో ఉంది. దవాఖానలో గర్భసంచి తీసేశారు. మాకు పిల్లలు లేరు. ఆ విషయం మీద నేను ఎప్పుడూ జోకు వేయలేదు, వేయను కూడా. ఆపరేషన్ తర్వాత విశ్రాంతికని తల్లిగారింటికి పంపించాను. అక్కడ కోలుకుంటుండగానే వాళ్లమ్మకు మోకాళ్లు పట్టేసి మంచం దిగలేని స్థితి వచ్చింది. విశ్రాంతికి పోయిన మనిషి చాకిరికి కుదిరింది. పక్కనే ఉన్న పెట్రోలు బంకులో ఆడవాళ్లు కావాలన్నారట, చేరిపోయింది. నాకు ఫోన్ చేసి చెప్పినప్పుడు, అడుగుతున్నట్టు లేదు, కబురు చెప్పినట్టు ఉంది.

"ఇంట్ల కూసుంటె గోడలు మీద పడ్డట్టుంటుంది. బంకుల మంది ఉంటరు. అందరు మేడం అంటరు తెల్సా" అంది.

నిజమే. ఆపరేషన్ తర్వాత ఆమె గొంతులో అంత ఉషారు నేను వినలేదు. సరే అన్నాను. అన్నాక గద్వాల ఇంట్లో గోడలు నా మీద పడడం మొదలుపెట్టాయి.

అంగట్లో పొద్దంతా మాట్లాడి మాట్లాడి ఇంటికొచ్చి తాళం తీస్తే, ఆ తాళం చప్పుడే ఇంట్లో పెద్ద మాట. అన్నం ఇద్దరికి వండే గిన్నెలోనే వండేవాడిని, ఒక్కడికి ఎన్ని నీళ్లు పోయాలో తెలియక. ఒకరోజు మెత్తగా, ఒకరోజు పలుకుగా. జోకు తోస్తే చెప్పుకోవడానికి మనిషి ఉండాలి. గోడకు చెబితే నవ్వదు. పైగా నాకే సిగ్గేస్తుంది.

ఒకరోజు మధ్యాహ్నం ఆమె ఫోన్ చేసింది.

"ఏమయ్యా, ఒక మాట చెప్త. నవ్వొద్దు."

"నేను నవ్వనే. నవ్విపిస్త గంతే."

"బంకుల ఇచ్చిన ప్యాంటు గుండీ సక్కగ కుట్ల మీద కూసుంటుంది. పొద్దంత నిలబడుడే గద. పైపు పట్టుకొని వంగితె మంట లేస్తుంది. చీర కట్టుకుంట సార్ అంటె మేనేజరు ఇనలే. ఏదైన సరే, నీలి జీన్సే ఉండాలెనంట. బొడ్డు మీదికి వచ్చేది ఒకటి తే. గుండీ పైకి పోతె కుట్లకు తగలది. ఇగ ఇట్లనే ఉంటె పని ఇడిసిపెట్టాలె."

"ఒకటేంది, కుప్ప తెస్త" అన్నాను. జీన్స్ అమ్మేవాడి పెళ్లానికి జీన్స్‌కు కరువా?

ఫోన్ పెట్టేశాక, పని మానేస్తే గద్వాలకు వచ్చేస్తుందేమో అన్న ఆలోచన ఒకటి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. దాన్ని లోపలికి రమ్మనలేదు. పొమ్మని కూడా గట్టిగా అనలేదు.

మూట విప్పి ఒక్కో ప్యాంటూ చూశాను. అన్నీ కింది నడుమువే. కింది కుట్టు నుంచి గుండీ దాకా జిప్పు బెత్తెడు కూడా లేదు. ఇన్నేళ్లుగా నేను అమ్మినవి ఇవేనా అనిపించింది. ఎక్కడిదాకా వస్తుందో చూద్దామని ఒకదాన్ని నేనే ఎక్కించుకోబోయాను. మోకాళ్ల దగ్గర ఆగిపోయింది. పైకీ రాదు, కిందికీ పోదు. తలుపు గొళ్లెం పెట్టుకున్నాను కాబట్టి పరువు దక్కింది. కానీ ఆ అవతారం చూసి పడీ పడీ నవ్వే మనిషి ఇంట్లో లేదు. మంచం మీద కూర్చుని, కొబ్బరి పీచు లాగినట్టు దాన్ని మెల్లగా లాగి పడేశాను.

గద్వాల బజారుకు పోయాను. గద్వాలలో ప్యాంటు అడిగితే ముందు చీర చూపిస్తారు, వద్దంటే ఇంకో చీర చూపిస్తారు. చివరికి ఒక దుకాణంలో లోపలి నుంచి జీన్స్ తీశారు.

"హైవెయిస్ట్ కావాలె. జిప్పు జానెడుండాలె" అన్నాను.

"ఎవరికన్నా?" అన్నాడు దుకాణదారు.

"నాకే."

అతను నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. "నీకైతె రెండు కలిపి కుట్టాలె."

మాటకు మాట దొరికేసరికి ప్రాణం లేచొచ్చింది. అక్కడే నిలబడి నా భార్యకు ఫోన్ చేశాను.

"మెడ కొలత చెప్పు."

ఆమె పక్కింటి పిల్లను స్కేలు అడిగి, దారంతో మెడ కొలుచుకుని చెప్పింది. ఆ కొలతకు సరిగ్గా పట్టే ప్యాంటు దొరికింది. జిప్పు జానెడు. దాన్ని కాగితంలో చుట్టించి, మూటలో కాకుండా బండి ముందు సంచిలో పెట్టుకున్నాను.

తిమ్మాజిపేట అంగడి చూసుకుని నాగర్‌కర్నూల్ పోయాను. బంకులో ఆమె ఒక ట్రాక్టరుకు డీజిల్ పోస్తోంది. ఒక చేత్తో పైపు పట్టుకుంది, రెండో చెయ్యి పొట్ట మీద ఉంది. నన్ను చూసి ఆ చెయ్యి తీసేసింది. ప్యాంటు ఇచ్చాను. బంకు వెనక బాత్రూంలోకి పోయింది. నేను గాలి కొట్టే చోట నిలబడి ఎదురుచూశాను.

పాత ప్యాంటుతోనే బయటికి వచ్చింది. కొత్తది మడత పెట్టి చేతిలో ఉంది.

"ఏమైంది? మెడకు పట్టలేదా?"

"మెడకు మంచిగ పట్టింది. పొట్టకే పట్టలే. ఆపరేషన్ మెడకు చేసిండ్రా నాకు?"

ఆమెను తేరిపార చూశాను. పొట్ట ఇంకా వాపు మీదే ఉంది. మెడ మాత్రం చిక్కింది. పుస్తెలతాడు మునుపటికంటే కిందికి వేలాడుతోంది. మెడ ఎముకలు పైకి తేలాయి. ఫోన్లో మెడ కొలత వినపడుతుంది కానీ మెడ చిక్కిన సంగతి వినపడదు. అంగట్లో ఎంతమంది మెడలకో ప్యాంట్లు చుట్టినవాణ్ని, ఈ ఒక్క మెడను ఎన్నాళ్లుగా చూడలేదో అప్పుడు తెలిసింది.

ఏదో ఒక జోకు వేయాలని చూశాను. ఏదీ రాలేదు. ఆమే, "పో, ఎండ అయితుంది" అంది.

ఇక కొలతలతో లాభం లేదు, మనిషినే తీసుకుపోవాలి అనుకున్నాను. ఆమెకు సెలవున్న రోజు పొద్దున్నే పోయి, వాళ్లమ్మను పక్కింటివాళ్లకు అప్పజెప్పి, బండి మీద వనపర్తికి తీసుకొచ్చాను. ఎప్పుడూ మూట ఉండే చోట ఆమె కూర్చుంది. స్పీడ్ బ్రేకర్ వచ్చిన ప్రతిసారీ ఆమె వేళ్లు నా చొక్కాను పట్టుకునేవి. బండి నడిచి పోయేవాళ్లకంటే నెమ్మదిగా నడిపాను. గోపాల్‌పేట దాటాక ఒక ముసలాయన సైకిల్ మీద మమ్మల్ని దాటిపోయాడు.

"తాతకు మర్యాద ఇస్తున్న" అన్నాను.

వెనక నుంచి చిన్న నవ్వు. చాలు అనిపించింది.

వనపర్తిలో తొడుక్కుని చూసుకునే గది ఉన్న దుకాణానికి పోయాం. లోపల అమ్మే పిల్ల దగ్గరికొచ్చి, "ఎట్లాంటిది కావాలక్కా?" అంది. నా భార్య నావైపు చూసింది. నేను చెప్పడం మొదలుపెట్టాను: "జిప్పు జానెడు, గుండీ బొడ్డు మీదికి..."

"నువ్వు జర బయట కూసో" అంది నా భార్య.

ఆమె చేతి సంచి ఒడిలో పెట్టుకుని బయట స్టూలు మీద కూర్చున్నాను. పక్కన మెడలు లేని బొమ్మలకు ప్యాంట్లు తొడిగి నిలబెట్టారు. లోపల ఇద్దరూ గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. ప్యాంట్లు పోతున్నాయి, వస్తున్నాయి. "కూసోని లేచి చూడక్కా, నిలబడి చూస్తె తెల్వది" అని ఆ పిల్ల అంటోంది. కాసేపటికి లోపల నవ్వు వినిపించింది. నా భార్య నవ్వు. ఎవరో ఏదో అన్నారు, ఆమె నవ్వింది. ఆ మాట నాది కాదు. నా ప్రమేయం లేకుండా కూడా ఆమె నవ్వగలదని నాకు తెలియకపోలేదు. కానీ తలుపు ఇవతల కూర్చుని వినడం వేరు. చేతి సంచి పట్టీని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చున్నాను.

బయటికి వచ్చింది. నీలి ప్యాంటు, పట్టీ బొడ్డుకు పైన ఆగింది. వెనక సాగే గుడ్డ వేశారు. నా ముందే వంగింది, కూర్చుంది, లేచింది. చెయ్యి ఒక్కసారి కూడా పొట్ట మీదికి పోలేదు.

"ఎట్లుంది?"

"నా బండ్ల పెట్రోలు అయిపోయినట్టనిపిస్తుంది" అన్నాను.

దుకాణం పిల్ల నవ్వింది. నా భార్య నన్ను చూసి, "అయిపోతె వచ్చి పోయించుకో, దూరమేం లేదు" అంది.

ఆ ప్యాంటుతోనే బయటికి నడిచింది. పాతది సంచిలో పడేసింది. మిర్చీలు తిని, చాయ్ తాగాం. మళ్లీ బండి కుదుపులు వద్దని బస్సు అనుకున్నాం. బస్టాండుకు వచ్చేసరికి నాగర్‌కర్నూల్ బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. మెట్టు ఎత్తుగా ఉంటుంది కదా, ఎక్కేటప్పుడు పట్టుకుందామని చెయ్యి చాచాను. ఆమె చూడలేదు. గబగబా ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. చాచిన చెయ్యిని టాటా చెప్పడానికి వాడుకున్నాను.

గద్వాల దారిలో బండి తేలికగా పోయింది. వెనక మూట లేదు, మనిషి లేదు. ప్యాంటు దొరికింది, ఆమె పని నిలబడింది. తలుపు దగ్గర నిలబడ్డ ఆ ఆలోచన కూడా ఇక ఉండి లాభం లేదని వెళ్లిపోయింది. నేనూ, గిన్నెడు అన్నమూ మిగిలాం.

మర్నాడు పొద్దున ఆమె పనికి ఎక్కే వేళకు ఫోన్ చేశాను. "ప్యాంటెట్లుందే?" మంచిగుంది అంది. పదకొండుకు చేశాను, వంగితే పట్టేస్తుందా అని. లేదంది. మధ్యాహ్నం చేశాను, గుండీ ఎక్కడ ఆగింది అని. చెప్పింది. సాయంత్రం మళ్లీ చేసి, "ఉతికితె పొట్టిగైతదేమో, జర చూసుకో, ప్యాంటు..." అంటుండగానే అవతల ఏదో లారీ హారన్ కొట్టింది. అది ఆగింది. ఆమె అంది:

"ప్యాంటు మంచిగనే ఉందయ్యా. దాన్ని తొడుక్కున్న మనిషిని గూడ ఒకపారి అడుగు."