ఆగితే ఆరిపోయే కారు

మా అక్క పెళ్లి చెడగొట్టబోయిన ఘనుణ్ణి నేనే. ఇన్నేళ్లయినా ఇంట్లో ఆ పెళ్లి మాట వస్తే చాలు, ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి పెరట్లోకి పోతాను. ఇవాళ మాత్రం కూర్చునే చెబుతాను. నవ్వుకోండి, నా మొహం మాత్రం చూడకండి.

పందొమ్మిదివందల ఇరవైల నాటి మాట. చెరకు బాగా పండిన ఏడు మా మావయ్య ఒక పాత కారు కొన్నాడు. పోర్ట్ లూయిస్‌లో ఓ షావుకారు దగ్గర కారు నడపడం నేర్చుకుని వచ్చాను కాబట్టి, మారిషస్ మొత్తం మీద నాకు తెలియని యంత్రం లేదని నా నమ్మకం. అక్క పెళ్లినాడు వకోవా అనే ఊరు వెళ్లి పెళ్లికొడుకునీ, వాళ్లమ్మనీ ముహూర్తం వేళకి మా ఊరు తీసుకురావడం నా పని. దారిలో బండి ఆగకూడదని సింహాద్రి అప్పన్నకి మొక్కుకుని, పసుపు గుడ్డలో నాణెం మూటగట్టి ముడుపు కట్టాను. బయట కడితే ఎవరైనా ఎత్తుకుపోతారని బానెట్ కింద, ఇంజను పక్కనే వేలాడగట్టాను. నా తెలివి అలాంటిది.

పోయేటప్పుడు కారు గుర్రంలా పోయింది. వకోవాలో పెళ్లివారి గుమ్మం ముందు ఆపానో లేదో, నల్లటి పొగ వదిలి, రెండు దగ్గులు దగ్గి ఆరిపోయింది. దిగి కారు ముందున్న హ్యాండిల్ తిప్పాను. ఇంజను అందుకుంది. సీట్లో కూర్చునేలోపే మళ్లీ ఆరిపోయింది.

"ఏటయ్యింది బాబూ నీ లోటోకి?" అంది పెళ్లికొడుకు తల్లి. ఆవిడ నాకు అత్తయ్య వరస. మా దీవిలో కారుని లోటో అంటారు.

"ఏం లేదత్తయ్యా, ప్లగ్గులు!"

ప్లగ్గులు విప్పి తుడిచాను. ఆరిపోయింది.

"పెట్రోల్లో నీళ్లు కలిశాయి!"

పైపు విప్పి ఊదాను. నోరంతా పెట్రోలు. కారు ఆరిపోయింది.

బానెట్ ఎత్తిన ప్రతిసారీ ముందు ముడుపుని కళ్లకద్దుకుని మరీ పని మొదలుపెట్టాను. భక్తికేం లోటు లేదు.

ఇంతలో వకోవాలో వాన మొదలైంది. వీధివీధంతా గొడుగులేసుకుని వచ్చి చుట్టూ నిలబడింది.

"ముహూర్తం దాటిపోద్దిరా," అన్నాడు కాబోయే బావ దిగులుగా.

"నడుస్తుంటే ఇది ఆరిపోదు బావా. వీళ్లు తోస్తారు, నేను పోనిస్తాను. నువ్వు పరిగెత్తుకొచ్చి ఎక్కెయ్!"

తోశారు. కారు కదిలింది. నుదుట బాసికంతో బావ పరిగెత్తాడు, బురదలో జారి పడ్డాడు. అయ్యో అని ఆపాను. ఆరిపోయింది.

అందరూ నావైపే చూస్తున్నారు. 'నాకు తెలియడం లేదు' అంటే సరిపోయేది. ఆ ఒక్క మాట నోట రాలేదు.

"మా ఊర్నించి నిక్షేపంలా వచ్చిందండీ. ఇక్కడే ఎవరి దిష్టో తగిలింది," అనేశాను. అంటూ ఎవరివైపు చూశానంటారా? తిన్నగా అత్తయ్యవైపే.

బావ లేచి, బురద పంచెతో ఇంటివైపు తిరిగాడు. "మా అమ్మని అంత మాటన్నాక నాను రాను," అన్నాడు. అక్కడ పందిట్లో పసుపు బట్టల్తో ఎదురుచూస్తున్న అక్క గుర్తొచ్చింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"ఉండరా," అని కొడుకుని ఆపి, అత్తయ్య బానెట్ దగ్గరికి వచ్చింది. "నా పాడు కళ్లతోనే సూస్తాను. తిప్పు."

తిప్పాను. ఇంజను గట్టిగా తిరిగినంతసేపూ ఆ అదురుకి ముడుపు గుడ్డ పక్కకి ఎగురుతోంది. నెమ్మదించగానే కిందికి జారి, ఇంజను గాలి పీల్చే గొట్టం మూతికి అతుక్కుపోతోంది. కారు దగ్గి ఆరిపోయింది.

"ముక్కు మూసేస్తే ఊపిరెలాగాడతాది? ఎవలు కట్టినారిది?"

"నేనే అత్తయ్యా."

ఆవిడ ముడుపు విప్పింది. ఈసారి కారు ఉన్నచోటనే గుమ్మం ముందు పిల్లిలా గురగురలాడుతూ నిలబడింది. అత్తయ్య ఆ పసుపు గుడ్డ నా చేతిలో పెట్టి, "దీన్ని కట్టాల్సింది లోటోకి కాదు బాబూ, నీ నోటికి," అని, కొడుకు చెయ్యి పట్టుకుని కారెక్కింది.

ముహూర్తం అందింది. దారి పొడవునా నేను పెదవి విప్పలేదు.

సింహాద్రి అప్పన్న సాక్షిగా చెబుతున్నాను: ఏ ఇంజను దగ్గరా మళ్లీ ముడుపు కట్టను. ఎవరి కళ్లనీ ఏమీ అనను. ఆ గుడ్డ మాత్రం ఇప్పటికీ జేబులో పెట్టుకునే తిరుగుతాను, నోరు తెరవాలనిపించినప్పుడు పనికొస్తుందని.