నూర్‌బీ చూడని కారు కొనొద్దు

నాగూర్ తాగి చచ్చాడని తిరువూరు టాక్సీ స్టాండులో మొదట అన్నవాడు అంకారావు. ఆయన రెడ్డిగూడెం మామిడి తోటల ఆసామి. బెజవాడలో పాత కార్లు కొని, రంగు వేయించి చుట్టుపక్కల ఊళ్ళలో అమ్మేవాడు. నాగూర్ ఆయన దగ్గర డ్రైవరు. డెబ్భై ఒకటిలో వినగడప దారిలో అడ్డొచ్చిన గేదెను తప్పించబోతే కారు కల్వర్టు గోడకు రాసుకుంది. పెద్ద దెబ్బేం కాదు, వెనక కూర్చున్న ముగ్గురికీ గీత కూడా పడలేదు. డ్రైవరు వైపు తలుపు తెరుచుకుని నాగూర్ ఒక్కడే రాళ్ళ మీద పడ్డాడు. మళ్ళీ లేవలేదు.

చుక్క ముట్టని మనిషి. డోరు లాకు అరిగిపోయిందని, మలుపు తిరిగినప్పుడల్లా ఒక చేత్తో తలుపు పట్టుకోవాల్సి వస్తోందని భార్య నూర్‌బీకి రెండు నెలలుగా చెబుతూనే ఉన్నాడు. యజమానికీ చెప్పాడు. "మామిడి కాపు అయ్యాక చూద్దాంలేరా" అన్నాడట ఆయన.

ఆ కారును నూర్‌బీ అన్న పీర్‌సాహెబ్ మెకానిక్ షెడ్డుకే లాక్కొచ్చారు. భర్త పోయిన ఆడది గడప దాటకూడని ఇద్దత్ రోజులైనా తీరకముందే నూర్‌బీ అక్కడికి వెళ్ళింది. తలుపు మూసి చిటికెన వేలితో నెట్టింది. తెరుచుకుంది.

"అన్నా, నాకు పని నేర్పు."

"ఆడదానివి, బండి పనేంటమ్మా?"

"ఆ అంకారావు అమ్మే ప్రతి బండీ నేను చూడాలి."

షెడ్డు వెనక కార్ల సీట్లు కుడుతూనే నాలుగేళ్ళలో అన్నీ నేర్చుకుంది. సీట్లకని వచ్చినవాళ్ళు కొనబోయే కారు గురించి కూడా అడగడం మొదలుపెట్టారు.

"అంబాసిడర్ మంచిదా, ఫియట్టా బూబమ్మా?"

"అంబాసిడర్‌ది మందపు రేకండి, గుద్దుకున్నా బండి నిలుస్తుంది. కానీ స్టీరింగు మీద పడేది మీ రొమ్ము. ఫియట్ తేలిక, చెప్పినట్టు వింటుంది. లారీ ఎదురైతే మాత్రం ఆ రేకు ఆగదు. పేరు చూసి కొనకండి. లాకు చూడండి, బ్రేకు చూడండి, సీటు బోల్టు కదులుతుందేమో చూడండి. ముందద్దం కారుదేనా, ఇంటి కిటికీకి వేసే మామూలు అద్దమా? మామూలుదైతే పగిలి కత్తుల్లా దిగుతుంది."

అంకారావు కార్లకు చాలావాటికి మామూలు అద్దమే ఉండేది. నూర్‌బీ అబద్ధం ఒక్కటీ ఆడలేదు. వేలు పెట్టి చూపించేది, అంతే. పెనుగొలను రైతు బయానా వెనక్కి తీసుకున్నాడు. తర్వాత మరొకరు. డెబ్భై ఎనిమిది నాటికి అంకారావు కార్లు ఎండకు రంగు వెలిసిపోతూ తోటలోనే ఉండిపోయాయి.

ఒకరోజు పొద్దున్నే ఆయనే ఒక అంబాసిడర్‌నూ ఒక ఫియట్‌నూ వెంటబెట్టుకుని షెడ్డుకు వచ్చాడు.

"మా అమ్మాయి శివపార్వతికి నెలలు నిండుతున్నాయమ్మా. బెజవాడ ఆసుపత్రికి తిప్పాలి. ఈ రెండిట్లో ఏది క్షేమమో కాస్త చూసిపెట్టు."

నూర్‌బీ సూది దించలేదు. "మా ఆయన తాగాడాండీ?"

ఆయన నేల చూశాడు. "లేదు."

"వినపడలేదు."

"తాగలేదమ్మా! లాకు పోయిందని చెప్పాడు. నేనే పట్టించుకోలేదు."

"నాకు తెలిసిందే. మీరు అబద్ధం చెప్పింది టాక్సీ స్టాండులో. పోయి అక్కడ చెప్పండి. పీర్‌సాహెబ్ అన్న వెంట వచ్చి వింటాడు."

అంకారావు మొహం కందిపోయింది. వెళ్ళిపోతాడనుకున్నారు అందరూ. కండువా తీసి చేత్తో పట్టుకుని స్టాండు వైపు నడిచాడు. పదిమంది డ్రైవర్ల ముందు అంతా చెప్పాడు. ఒకతను ఎదురుగానే కాండ్రించి ఉమ్మేశాడు.

అన్న తిరిగొచ్చి ఆ సంగతంతా చెబితే అప్పుడు లేచింది నూర్‌బీ. రెండు కార్ల తలుపులూ లాగి చూసింది, బ్రేకు తొక్కింది, కిందికి దూరి చూసింది.

"ఫియట్ తీసుకోండి. దాని అద్దం అసలుదే. వెనక ఎడమ లాకు మార్పించి అమ్మాయిని ఎక్కించండి."

"నీ మేలు మర్చిపోనమ్మా, నన్ను..."

"ఆ పిల్ల కోసం చూశాను. మిమ్మల్ని క్షమించలేదు. రేపు మీ అంబాసిడర్ ఎవడైనా కొనడానికొస్తే దాని అద్దం సంగతి చెప్పే పంపిస్తాను."

అన్నట్టే చేసింది. ఏడాది తిరక్కముందే అంకారావు కార్ల బేరం మానుకున్నాడు. ఆ కబురు తెలిసిన మధ్యాహ్నం నూర్‌బీకి ఆకలి దంచేసింది. అన్నం రెండోసారి కూడా వడ్డించుకుంది.