రోట్లో పోయిన పచ్చ

నిరుడు రంజాన్ వెళ్లిన వారం. లాడ్ బజార్ వెనక సందులో నాది రంగుల అద్దకం కొట్టు. శాంపిల్ ఇస్తే దానికి తేడా తెలియకుండా దుపట్టాకు రంగు దింపడాన్ని మేం మ్యాచింగ్ అంటాం. ముప్పై ఏళ్లుగా అదే పని. దాని మీద నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

యాకుత్‌పురా నుంచి షాహీన్ అనే అమ్మాయి ఒక పాత కుర్తా తెచ్చింది. మెడ చుట్టూ ఆకుపచ్చగా మెరిసే పురుగు రెక్కల ముక్కలు కుట్టి ఉన్నాయి.

"అన్నా, ఇది మా అమ్మీ నిఖా కుర్తా. అమ్మీ పోయినంక గిదొక్కటే మిగిలింది. జుమ్మా నాడు నా నిఖా. దుపట్టాకు గీ పచ్చనే రావాలె."

"ఫికర్ చెయ్యకు బేటీ, అచ్చం గట్లనే దింపుత."

ఆమె వెళ్లాక, దారం వదులైన ఒక ముక్కను అడగకుండానే తీశాను. శాంపిల్ అంచులో పోగు లాగి పరీక్షించడం మాకు అలవాటే. వేడినీళ్లలో వేస్తే చుక్క రంగు దిగలేదు. దిగని సరుకు నూరితే దిగుతుందని మా నాన్న అనేవాడు. నూరాను.

రోట్లోకి చూశాను. పచ్చ లేదు! వక్కపొడి లాంటి గోధుమరంగు పొడి మిగిలింది. రోకలి తుడిచి చూశాను, చేతులు చూసుకున్నాను, ఎక్కడా లేదు. రంగు వెలిసిపోవడం ఎరుగుదును గానీ ఇలా మాయమవడం ఎన్నడూ చూడలేదు.

పక్కింటి సైన్సు మాస్టారు విని నవ్వాడు. ఆ రెక్కలో పచ్చ రంగనేదే లేదట. పలచటి పొరలు ఒకదానిపై ఒకటి ఉంటాయట. వాటి మీద పడ్డ వెలుతురులో పచ్చ ఒక్కటే బలంగా మన కంటికి తిరిగొస్తుందట. పొరలు నలిగితే అదీ పోతుంది. ముప్పై ఏళ్ల పనివాణ్ణి, ఆ పొడిని పొట్లం కట్టి పెట్టుకున్నాను.

మర్నాడు కొట్టుకొచ్చిన షాహీన్ ముందు ఆ పొట్లం, కుర్తా పెట్టాను.

"తప్పయింది బేటీ. ఒక రెక్క నేనే నూరిన. గీ పచ్చ ఏ రంగుల పెట్టినా రాదు."

"అడగకుండ ఎట్ల ముట్టినవన్నా?"

ఆమె పొట్లం విప్పి ఆ పొడిని చూసింది. తర్వాత కుర్తాను దాని పక్కన పరిచింది.

"పచ్చ కింద ఉన్నది గీ రంగేనా?"

"గదే."

"అయితే గిదే అద్దు."

పెళ్లికూతురికి గోధుమరంగా! అయినా అద్దాను. నిఖా రోజు, శుక్రవారం పొద్దున ఆమె వచ్చి దుపట్టాను కుర్తా మీద పరిచింది. ఆ ముదురు రంగు పక్కన రెక్కల పచ్చ భగ్గుమంది. మెడ దగ్గర ఒక్క రెక్క మేర ఖాళీ మాత్రం అలాగే ఉంది.

ఇప్పుడు అడగకుండా ఎవరి గుడ్డలోనూ పోగు లాగను.