చూద్దాం మావయ్య

మా మావయ్య ఏ ప్రశ్నకైనా చెప్పే జవాబు ఒక్కటే: "చూద్దాం." అది అవునో కాదో ఆయనకు పిల్లనిచ్చిన మామగారికే ఇప్పటికీ అంతుబట్టలేదు. అమ్మాయి నచ్చిందా అని అడిగితే, అమ్మాయి ఎదురుగా కూర్చుని ఉండగానే "చూద్దాం" అన్నాడట. "ఇంకెక్కడ చూస్తారండీ, ఇక్కడే ఉన్నానుగా!" అని అత్తయ్య అప్పుడే కయ్యిమంది.

ఇలాంటి మనిషి చేతిలో నగరం ఖజానా పెట్టారు. నగరపాలక కార్యాలయంలో ఆయన సంతకం పడనిదే పైసా కదలదు. అదే ఆఫీసులో నేను టైపు చేస్తాను. ఆయన గదిలోంచి బయటికొచ్చిన ప్రతివాళ్ళూ తల గోక్కుంటూ నా దగ్గర ఆగుతారు.

"ఏమ్మా, ఇస్తానన్నట్టా, ఇవ్వనన్నట్టా?"

నాకేం తెలుసు? నేనడిగిన సెలవే ఇంకా గాలిలో ఉంది.

ఆ ఏడాది ఖజానా అంతంతమాత్రం. ఒక్క పనికే డబ్బుంది. కళ తప్పిన పాతబజారు నడిబొడ్డున రంగుల ఫౌంటెన్ పెట్టి, మళ్ళీ జనాన్ని రప్పించాలని మేయరుగారి పట్టుదల. ఆ బజారులోనే కొట్టున్న టైలరమ్మ మాత్రం లబోదిబోమంటూ వచ్చింది.

"ఫౌంటెన్ ఎందుకయ్యా, వీధిదీపాలు వేయించండి. చీకటిపడితే చేతిలో సంచులు లాక్కుపోతున్నారు. నా దగ్గర కుట్టే ఆడపిల్లలు మానేస్తామంటున్నారు. వాళ్ళు మానేస్తే నేను కొట్టు మూసుకోవాల్సిందే."

ఇద్దరికీ మావయ్య ఒకే మాట చెప్పాడు. మేయరుగారు దాన్ని 'సరే' అనుకుని శిలాఫలకం చెక్కించారు. టైలరమ్మ 'కుదరదు' అనుకుని కొట్టుకు 'అద్దెకు ఇవ్వబడును' బోర్డు కట్టింది.

ఇంతలో కొత్త గోల. పొద్దుగూకగానే ఎవడో మఫ్లరు చుట్టుకుని, టార్చి పట్టుకుని, ఆ ఆడపిల్లల వెనకాలే బస్‌స్టాపు దాకా వస్తున్నాడట. వాళ్ళు నడక పెంచితే వాడూ పెంచుతాడు, ఆగితే వాడూ ఆగుతాడు. అసలే మూలిగే నక్క, పైన తాటిపండు. టైలరమ్మ పరుగున వెళ్ళి పోలీసులకు చెప్పింది.

కానిస్టేబులు కాపుకాసి పట్టుకున్నాడు. కబురొస్తే నేను వెళ్ళేసరికి స్టేషన్ బెంచీ మీద మఫ్లరుతో సహా మావయ్య!

"ఇదేం పని మావయ్యా?"

"చూద్దామన్నాగా. వచ్చి చూడకపోతే అబద్ధమవదూ?"

"చూసేవాళ్ళు ఆడపిల్లల వెనకెందుకు పడ్డారండీ?" అన్నాడు కానిస్టేబులు.

"దారంతా గుంతలు బాబూ. నేను ముందు నడిస్తే వెలుతురంతా నాకే."

"ఆ ముక్క వాళ్ళతో చెప్పొచ్చుగా!"

"తెలియని ఆడపిల్లల్ని పలకరిస్తే బావుంటుందా?"

అక్కడే ఉన్న టైలరమ్మ నోరెళ్ళబెట్టింది. "అదేంటయ్యా, కుదరదన్నారుగా?"

"చూద్దామన్నానమ్మా."

"అంటే కుదరదనేగా!"

"కాదమ్మా, చూద్దామనే."

నవ్వాలో ఏడవాలో తెలియక ఆవిడ కానిస్టేబులు వంక చూసింది. ఆయన నా వంక చూశాడు. నేను గోడ వంక చూశాను.

మర్నాడు మావయ్య మేయరుగారి ముందు నిలబడి, "చూశానండీ. సంతకం దీపాలకే పెడతాను. ఆ చీకట్లో ఫౌంటెన్ పెడితే, తడిస్తేగానీ అక్కడుందని తెలియదు," అన్నాడు. మేయరుగారు మింగలేక కక్కలేక శిలాఫలకం మీద ఫౌంటెన్ అన్న మాట చెరిపించి, దీపాలు అని చెక్కించారు. టైలరమ్మ బోర్డు విప్పేసింది.

దీపాలు రావడానికి టైం పట్టింది. అందాకా ఆగకుండా ఆ సాయంత్రమే మావయ్య మళ్ళీ టార్చి తీస్తుంటే అత్తయ్య చెప్పులేసుకుంది. "ఒక్కరే వెళ్తే మళ్ళీ పట్టుకుపోతారు. పదండి, నేనూ వస్తా."

ఇప్పుడు బజారంతా పట్టపగల్లా ఉంటుంది. అయినా వాళ్ళిద్దరూ పొద్దుగూకగానే బయల్దేరుతూనే ఉన్నారు.

"ఇంకా ఎందుకత్తయ్యా?" అనడిగాను.

"ఊరుకోవే," అంది అత్తయ్య, కొంగుతో నవ్వు దాచుకుంటూ. "ఇన్నేళ్ళలో ఆయన నాతో ఇన్ని కబుర్లు చెప్పడం ఇప్పుడేనే."